ఎడమచేతి వైపు కొండ

పొద్దున బయల్దేరే ముందు ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. తుడిచినా తుడవకపోయినా ఒకటే. కొంతకాలంగా లోకమంతా ఆయనకు పొగమంచులో ఉన్నట్టే ఉంది. నరం దెబ్బతిందనీ ఇక చూపు తెప్పించలేమనీ డాక్టరు చెప్పాడు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

"కళ్ళు కనపడని మనిషి జనానికి గుట్ట చూపిస్తాడట. వింటే నవ్విపోతారు," అనేది ఆమె.

"చూసేది వాళ్ళే కదే. నేను చెప్పేవాణ్ణి. నోటికేమైనా చత్వారం వచ్చిందా?"

"దానికి రాదు లెండి. వస్తే నాకు కాస్త శాంతిగా ఉండేది."

గుట్ట దారి గుండ్రంగా తిరుగుతుంది. మెట్ల బావి దగ్గర మొదలై, పాతకాలపు సమాధి రాళ్ళు, పైన కూలిన కాపలా బురుజు, ఆవలివైపు బొమ్మలు చెక్కిన గుహ దాటి మళ్ళీ కిందికే వస్తుంది. పెళ్ళికి ముందునుంచీ ఆయన దాన్ని ఒకేవైపుగా తిరిగాడు. ఎడమచేతికి కొండ, కుడివైపు లోయ. చూపు తగ్గాక ఆ చెయ్యే కన్నయింది. రాయి నున్నగా తగిలితే మలుపు వచ్చినట్టు, చల్లగా తగిలితే గుహ వచ్చినట్టు.

ఆ ఏడు వానలకు బావి వైపు మెట్లు కూలిపోయాయి.

"ఇవాళ్టి నుంచి గుహ వైపు నుంచి బురుజు దాకా తీసుకెళ్ళి తీసుకురా మామా. దారి అదేగా, తిరగేసి నడవడమే," అన్నాడు టికెట్ గది మేనేజరు.

ఆయన సరేనన్నాడు. కాదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే గుట్ట చేజారిపోతుంది. ఆయనకు అది తప్ప వేరే పని రాదు, వెళ్ళదగ్గ చోటూ లేదు.

ఆ రోజు ఒక టీచరమ్మ, ఆమె అక్కా బావా వచ్చారు. రాయి కుడిచేతి వైపుకు వచ్చింది. ఆ చేతికది కొత్త రాయి. మొదటి మలుపులోనే అలవాటు ఆయనకంటే ముందు మాట్లాడింది.

"కుడివైపు చూడండి. ఏరు కొడవలిలా వంపు తిరిగి కనిపిస్తుంది."

కుడివైపు నాచు పట్టిన బండ ఉంది.

"ఏరు గడ్డకట్టినట్టుంది," అన్నాడు బావ. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

బురుజు దగ్గర దారి వెడల్పవుతుంది. చేతికింద రాయి అయిపోయింది. పాత అలవాటున ఎడమవైపే గోడ ఉందనుకుని ఆయన ధీమాగా అటు అడుగేశాడు. టీచరమ్మ మణికట్టు పట్టి వెనక్కి లాగింది. ఆయన కాలికింది గులకరాళ్ళు జారిపోయాయి. అవి అడుగున పడ్డ చప్పుడు చాలాసేపటికి గానీ వినపడలేదు.

"బాబాయ్," అంది మెల్లగా, "మీకు కనిపించడం లేదు కదూ?"

ఆయన వెనక్కి తిరిగి, ఎడమచేత్తో కొండ కోసం తడుముకున్నాడు. దిగడం అయిపోవస్తుండగా, "ఆఫీసులో చెప్పకమ్మా. తండ్రిలాంటివాణ్ణి," అన్నాడు.

"అందుకే చెప్తాను."

చెప్పింది. మేనేజరు కసురుకోలేదు, కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. కసురుకుని ఉంటే ఆయనకు తేలికయ్యేది.

ఇప్పుడాయన టికెట్ గదిలో, గుట్ట ఎక్కేవాళ్ళ సంచులకు కాపలా ఉంటున్నాడు. సాయంత్రం భార్య వచ్చి ఇంటికి తీసుకెళ్తుంది.