పొడిగా కోసిన రాయి

ఆ రోజు తప్పు నాదే. వంటగది గోడకు నేను ఏరి తెచ్చిన రాతి పలకలను నీళ్లు పోయకుండా కోయమన్నాను. దుమ్ము హాల్లోకి రాకూడదని మేస్త్రీ మునెప్పను లోపలే ఉంచి తలుపు మూసి, ఆఫీసుకు బయల్దేరాను.

బంగారు గనుల ఊరు మా మారికుప్పంలో రైలెక్కాక, ఎదుటి ముసలాయన నా చొక్కా మీది తెల్లపొడిని వేలితో తీసి చూశాడు.

“ఏమప్పా, రాయి కోసినారా? నీళ్లు పోసినారా, లేదా?”

“లేదు తాతా, ఇల్లు బురదవుతుందని.”

“గనిలో మేమూ ఇట్లే పొడిగా డ్రిల్లు కొట్టినాము. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు పట్టి, నాతో దిగినోళ్లు ఇంగ ఎవురూ లేరు. కోసేటోడు యాడుండాడు?”

నేను చెప్పేలోపే ఆయనకు దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగలేదు.

తర్వాతి స్టేషన్‌లోనే దిగి ఇంటికి పరుగెత్తాను. మునెప్పకు కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. క్షమించమని అడిగి, మిగతా పలకలకు నేనే నీళ్లు పోస్తూ కూర్చున్నాను. హాలంతా బురదయింది.

అప్పటినుంచి ఏటా అతన్ని ఛాతీ ఎక్స్‌రేకు తీసుకెళ్తున్నాను. డాక్టర్ ఫిల్మ్ చూసి తలెత్తేదాకా నాకు ఊపిరాడదు.