జాన్‌బీ అత్తని దించేసిన బస్సు

ఆరూ నలభై బస్సులోంచి జాన్‌బీ అత్తని దొంగని చేసి దించేశారు. మాచర్ల నుంచి వచ్చి, గురజాలలో మమ్మల్ని కుక్కుకుని, దాచేపల్లి పోయే ప్రైవేటు బస్సు అది. దించింది స్టేజీలో కూడా కాదు. సున్నపురాయి లారీలు తప్ప మనిషి కనపడని చోట. యాభై ఎనిమిదేళ్ల మనిషి కుచ్చిళ్లు పట్టుకుని మెట్లు దిగింది. లోపల అరవై మందిమి ఉన్నాం. నేను ఆమె సీటు పక్కనే నిలబడి ఉన్నాను.

చెకింగ్ వాడు ఆమె బస్సు కార్డుని చేతిమిషన్‌కి ఆనించాడు.

"పేరేంది?"

"జాన్‌బీ."

"మిషన్‌లో శ్రీలేఖ అని వస్తంది. స్టూడెంట్ పాసు. ఏ కాలేజీ నీది?"

"ఇంటర్ ఫస్టియర్ సార్!" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. బస్సంతా నవ్వింది.

"నవ్వుతారేందిరా? ఇది నా కార్డే. ఇప్పుడే గదా ముందుకి పంపించి కొట్టించుకున్నా," అంది అత్త. నాదే, నాదే అని ఆమె అన్నకొద్దీ వాడికి బలం వచ్చింది.

"ఏ పిల్ల సంచిలోంచి కొట్టేశావు? దిగు. డ్రైవర్, ఆపు."

జరిగిందేమిటో అప్పుడే చెప్పగలిగినవాళ్లు బస్సులో కనీసం పదిమంది ఉన్నారు. ఆ బస్సుకి కండక్టర్ని తీసేసి, డ్రైవర్ పక్కన ఒకే ఒక్క మిషన్ పెట్టి, అందరికీ పచ్చ కార్డులు అంటగట్టి అప్పటికి నెల కాలేదు. ఎవరి కార్డు వాళ్లే కొట్టుకోవాలని అద్దానికి కాగితం అంటించారు. అంటించినవాడు ఆ బస్సు వెనక తలుపు దగ్గర ఎప్పుడూ నిలబడి ఉండడు. అక్కడ నిలబడితే మన కాలు ఎక్కడుందో మనకే తెలియదు. అందుకని కండక్టర్ ఉన్నప్పుడు ఏం చేసేవాళ్లమో అదే చేశాం. అప్పట్లో వెనకవాళ్లు డబ్బులు ముందుకి అందిస్తే, చేతులు మారి కండక్టర్‌కి చేరేవి. టికెట్టూ చిల్లరా అవే చేతుల మీదుగా తిరిగొచ్చేవి. ఎన్నడూ రూపాయి పోయింది లేదు. కార్డుల్నీ అట్లాగే పంపించాం. కానీ కార్డులన్నీ ఒకటే పచ్చ. పైన పేరు లేదు, ఫొటో లేదు, చీమతలంత అంకెలు తప్ప. ఆ పూట అత్త కార్డుని ముందుకి అందించిన చేతుల్లో నాదీ ఒకటి. ముందు నుంచి అయిదారు కార్డులు కలిసి వెనక్కొచ్చాయి. పైన ఉన్నది ఆమెకి ఇచ్చాను. శ్రీలేఖ అనే ఆ పిల్ల తనకొచ్చింది పర్సులో వేసుకుని, చెకింగ్ కంటే ముందే కాలేజీ దగ్గర దిగిపోయింది.

ఇదంతా నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. చేతిలో పుస్తకం ఉంది. మొహం అందులో పెట్టాను.

జాన్‌బీ అత్త మా వీధి మనిషి. భర్త మహబూబ్ మామ లారీ మెకానిక్. ఆమె దాచేపల్లిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్‌లో పంతొమ్మిదేళ్లుగా రొట్టెలు చేస్తోంది. పంతొమ్మిదేళ్లూ అదే బస్సు, ఎడమ వైపు మూడో సీటు. నిలబడ్డవాళ్ల సంచులన్నీ ఆమె ఒళ్లోకే చేరేవి. క్యారియర్లు, కాలేజీ బ్యాగులు, ఒక్కోసారి ఎవరిదో చంటిబిడ్డ. "ఇంకా ఉంటే తేండే, నేనేమన్నా గోడౌన్నా?" అని తిడుతూనే చేతులు చాచేది. దిగే స్టేజీలో ఎవరి సంచి వాళ్లకి కిటికీలోంచి అందించేది. ఆమెకి చదువు రాదు. ఏ సంచి ఎవరిదో మాత్రం ఒక్కనాడూ తప్పలేదు.

సాయంత్రం శ్రీలేఖ కార్డు కొడితే మిషన్ జాన్‌బీ అని చూపించింది. ఆ పిల్ల నాన్న నాగభూషణానికి బజార్లో ఫ్యాన్సీ షాపుంది. తెల్లారి ఆయన బస్సు కంపెనీ కౌంటర్‌కి వెళ్తే కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, చెకింగ్ వాడు అత్త దగ్గర లాక్కున్న కూతురి కార్డు చేతిలో పెట్టారు. ఆయన తెచ్చిన అత్త కార్డుని పనిచేయకుండా బ్లాక్ చేసి సొరుగులో పడేశారు. ఆమెకో మాట చెప్పాలని ఆయనకీ తోచలేదు, వాళ్లకీ తోచలేదు. నాలుగో రోజు శ్రీలేఖే వీధిలో ఎదురై, "సారీ ఆంటీ," అని జరిగింది చెప్పింది.

అత్త నన్ను వెంటబెట్టుకుని కౌంటర్‌కి వెళ్లింది. అక్కడ యోగేశ్ అని ఒక కుర్రాడు కార్డు బల్ల మీదికి తోశాడు.

"బ్లాక్ తీసేశాం. తీసుకో అమ్మా."

అత్త తాకలేదు. "మీ చెకింగాయన్ని ఆరూ నలభై బస్సులోకి రమ్మను. ఈమె దొంగ కాదు, తప్పు మాదేనని ఆ జనం ముందే చెప్పమను. అప్పుడు తీసుకుంటా."

యోగేశ్ నవ్వాడు. "మా సిస్టంలో అట్లాంటిది ఉండదమ్మా."

"నన్ను దొంగన్నది సిస్టమా? నోరున్న మనిషే గదా?"

"కావాలంటే క్లియర్ అయినట్టు నీ ఫోన్‌కి మెసేజ్ పెడతా."

"నా ఫోన్‌కి ఎందుకయ్యా? నేను దొంగను కాదని నాకు తెలుసు."

కార్డు అక్కడే వదిలేసి బయటికొచ్చింది. రోడ్డు మీద నా వైపు తిరిగి, "ఒరేయ్, ఎప్పుడు చూసినా పుస్తకాలు చదువుతుంటావు. రేపు బస్సులో నువ్వు చెప్పరా. నీ మాటయితే వింటారు," అంది.

చెప్తానన్నాను.

మర్నాడు ఆమె షేరింగ్ ఆటోలో ముందే పోయింది. నేను బస్సెక్కాను. దారి పొడుగునా మనసులో వాక్యాలు కట్టుకున్నాను. చానా మంచి వాక్యాలు. "ఏందిరా, కార్డులామె రావట్లేదే? కాలేజీకి సెలవులా?" అని వెనక నుంచి ఎవడో అన్నాడు, నవ్వులు లేచాయి. దాచేపల్లి వచ్చింది, దిగాను. స్టేజీలో అత్త నాకోసమే నిలబడి ఉంది.

"చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమంటారు? తప్పయిందన్నారు."

ఆమె మొహం ఎట్లా వెలిగిందో రాయడం నాకు చాతకాదు. ఆ సాయంత్రమే కౌంటర్‌కి వెళ్లి కార్డు తెచ్చుకుంది. మర్నాడు బస్సెక్కి మూడో సీట్లో కూర్చుంది. పక్కనే ఒకామె చంకన బిడ్డతో, చేతిలో సంచితో ఊగిపోతోంది. అత్త చేయి చాచింది. "ఇట్లా తే అమ్మాయ్." ఆమె సంచిని గుండెకి అదుముకుని అటు తిరిగింది. ఇంకొకామెని అడిగింది. "వద్దులే పెద్దమ్మా, తేలికే," అంది ఆమె. తేలికేం కాదు, రెండు పూటల క్యారియర్ అది. ఎవడో నోట్లోనే నవ్వాడు.

అత్త తల తిప్పి నన్ను చూసింది. అడగడానికేం లేదు, అంతా తెలిసిపోయింది. తరవాతి స్టేజీలో ఈసారి తనంతట తనే దిగింది.

అప్పటి నుంచి ఆటోయే. గంట ముందు లేవాలి, రెండింతలు ఖర్చు. మహబూబ్ మామ పోనియ్యవే అని మొత్తుకున్నాడు, వినలేదు. ఆ చెకింగ్ వాడు అదే బస్సులో తిరుగుతున్నాడు, దర్జాగా. కంపెనీ మాత్రం ఆరునెలలకి కార్డుల మీద ఫొటోలు వేసింది, వెనక తలుపు దగ్గర ఇంకో మిషన్ పెట్టింది. ప్రయాణికుల సౌకర్యార్థం అట.

పోయిన వారం గురజాల ఆటోస్టాండులో అత్త కనపడింది. ఇన్నాళ్ల తరవాత దగ్గరికి వెళ్లడానికి ధైర్యం చేశాను. నేను అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలనే వెళ్లాను. ఒప్పుకోలేదు. కొత్త మిషన్ గురించి చెప్పాను, ఫొటోల గురించి చెప్పాను. ఆమె కొంగులో మూట సర్దుకుంటూ వింది.

"ఇంక బస్సెక్కు అత్తా. ఆ సంగతి అందరూ ఎప్పుడో మర్చిపోయారు," అన్నాను.

ఆటోలో కాలు పెట్టబోయినదల్లా ఆగింది.

"మర్చిపోవడానికి నేనేం చేశాన్రా?" అంది.