మా ఆయన ల్యాప్‌టాప్‌కు రెండు గంటలు

మా ఆయనది పెళ్లి వీడియోల ఎడిటింగ్. మట్టెవాడలో మా ఇంటి ముందు గదే ఆయన స్టూడియో. కిటికీకి నల్ల గుడ్డ, బల్ల మీద ల్యాప్‌టాప్. పెళ్లయినప్పటి నుంచి ఆయన ముఖం కంటే వీపే ఎక్కువ చూశాను.

పోయినేడాది ఆయన కుడి కంటికి ఆపరేషన్ అయింది. రోజుకు రెండు గంటలకు మించి స్క్రీన్ చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి వారం తిరగకముందే నల్లద్దాలు నుదుటి మీదికి జరిపి మళ్లీ పనికి కూర్చున్నాడు.

డిగ్రీ చదివే మా అమ్మాయి ఊరుకోలేదు. రెండు గంటలు కాగానే ల్యాప్‌టాప్ దానంతటదే ఆగిపోయేలా టైం పెట్టింది. ఇంకా కావాలంటే నా ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. నేను ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ కూడా నాతోనే కొట్టించింది.

"నాన్నకు చెప్పకమ్మా. నాక్కూడ చెప్పకు. నన్ను బుదరకిచ్చి, బుజ్జగించి అడుగుతడు" అంది.

ఆయన నోటితో ఒక్కసారీ అడగలేదు. ముందు గదిలో కూర్చుని బటన్ నొక్కేవాడు, వంటింట్లో నా ఫోన్ మోగేది. వద్దంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. వచ్చినవాళ్లను కూడా నా దగ్గరికే పంపేవాడు.

"చెల్లె, బిడ్డ అత్తగారోళ్లు వీడియో అడుగుతాండ్రు. జర అర్ధగంట ఇయ్యరాదు" అని ఒక పెళ్లికూతురి తండ్రి గడప దగ్గర నిలబడి బతిమాలాడు. వాళ్ల పెళ్లిని నేనే బీరువాలో పెట్టి తాళం వేసినట్టు అనిపించింది. ఆ అరగంట ఇచ్చాను. సాయంత్రం ఆయన కన్ను ఎర్రబడి నీళ్లు కారుతుంటే చుక్కల మందు వేస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను.

తొర్రూరులో మా అమ్మకు జ్వరమని వెళ్లినా ఒక పూట నిలవలేకపోయాను. బస్సు దిగకముందే ఫోన్ మోగడం మొదలైంది. అక్కడి నుంచి ఒప్పుకుంటే ఆయన కన్ను ఎవరు చూస్తారు? అమ్మకు జావ కాచి ఇచ్చి, పొద్దుగూకేలోపు తిరిగొచ్చాను.

మర్నాడు ఆయనే అన్నాడు: "నువ్వు కూసో. నేను పండుకోని చెప్త."

అమ్మాయి అదే ల్యాప్‌టాప్‌లో నాకు వేరే అకౌంట్ తెరిచింది. "నీకు టైం పెట్టలేదమ్మా" అంది. ఆయన మంచం మీద కళ్లు మూసుకుని చప్పుడు విని చెప్పేవాడు. "ఆగు. మంత్రాల నడుమ అయ్యగారు దగ్గుతాండు. గా ముక్క తీసెయ్యి." ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ పెళ్లికూతురి వీడియో నేనే పూర్తి చేశాను.

ఆయన కన్ను చాలావరకు కుదుటపడింది. రెండు గంటల షరతు మాత్రం డాక్టరు తీయలేదు. ఇప్పుడు ఆయన బయట కుర్చీ వేసుకుని బేరాలు మాట్లాడతాడు, టీ తెప్పిస్తాడు, కుక్కర్ కూతకు లేచి స్టవ్ కట్టేస్తాడు. నల్ల గుడ్డ వెనక పొద్దంతా నేనే ఉంటాను. మెడ పట్టేస్తోంది. చెరువు కట్ట మీద నడకకు రమ్మని పక్కింటి వదిన పిలిచి పిలిచి మానేసింది.

ఒకరోజు అమ్మాయిని అడిగాను, నాక్కూడా టైం పెట్టమని. అది వాళ్ల నాన్న వైపు చూసింది.

"ఆషాఢం రానియ్యి. అప్పుడు పెళ్లిళ్లుండయి గద" అన్నాడాయన, మెల్లగానే.

అప్పటికి మాఘమాసం నడుస్తోంది. హెడ్‌ఫోన్ మళ్లీ చెవులకు పెట్టుకున్నాను.