తెల్లరాతి గట్టు

ఇల్లు కట్టేటప్పుడు వంటగదిలో నల్ల గ్రానైట్ వేయించమని నా భార్య ఒక్కసారే అడిగింది. "మన వంటల్లో చింతపండు పడనిదేదండీ? తెల్లరాయి ఆగదు" అంది. నేను వినలేదు. భీమవరంలో ఒక స్నేహితుడి ఇంట్లో పాలరాతి గట్టు చూసి మోజుపడ్డాను. అలాంటి రాయే రాజమండ్రి నుంచి వ్యానులో తెప్పించాను.

మొదటి వేసవిలో ఆమె ఊరగాయకని నిమ్మకాయలు ఆ గట్టు మీదే కోసింది. తుడిచాక చూస్తే, రసం పడ్డచోటల్లా మెరుపు పోయి మసకమచ్చలు మిగిలాయి. వేలితో తడిమితే గరుకు. ఆ రోజు ఇంటినిండా చుట్టాలు. వాళ్ల ముందే అరిచాను.

"మీ పుట్టింటి మట్టి అరుగనుకున్నావా?"

మరునాడు మనిషిని పిలిపించి పాలిష్ పట్టించాను.

అప్పటినుంచి ఆమె ఆ గట్టు మీద ఏదీ కోయలేదు. వెనక వసారాలో కత్తిపీట వేసుకుని కూరలు తరిగేది. చింతపండు పిసకడం, ఆవకాయ కలపడం అన్నీ అక్కడే, నేల మీదే. గట్టు మీద పొయ్యి, పాలగిన్నె, అంతే.

"నిన్న వేయించినట్టుందండీ! ఎలా కాపాడుకుంటున్నారేంటి?" అనేవారు వచ్చినవాళ్లు.

"జాగ్రత్తండీ, జాగ్రత్త" అని నేను నవ్వేవాణ్ణి. ఆమె తలుపు పట్టుకుని నేల మీంచి లేవడం నాకు కనబడుతూనే ఉండేది. వయసనుకున్నాను.

నిరుడు ఆమెకు మోకాళ్లు బాగా పట్టేశాయి. "కొన్నాళ్లు ఉండొస్తానండీ" అని రావులపాలెంలో చెల్లెలింటికి వెళ్లింది. పోట్లాటేమీ లేదు. ఉంటే బతిమాలి తీసుకురావచ్చు.

ఇప్పుడు నేనే వండుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం చారుకని నానబెట్టిన చింతపండు గిన్నె ఒలికింది. గుడ్డ అందుకునేలోపే మచ్చ పడింది. ఆమెకు ఫోన్ చేశాను.

"గట్టు మీద చింతపండు రసం పడిందే. ఏం చెయ్యాలి?"

"ఎవరు పోశారేంటి?"

"నేనే."

"ఇంట్లో చుట్టాలెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల ముందు గట్టిగా అరవండి."

అవతల చెల్లెలి నవ్వు వినబడింది. ఆమె మాత్రం నవ్వలేదు. "పోనీలెండి. తిన్నారా?" అంది.

మళ్లీ పాలిష్ పట్టించలేదు. తర్వాత గోంగూర, నిమ్మకాయ, పెరుగు, ఏది ఒలికినా నిదానంగానే తుడిచాను. ఆమె వచ్చి చూస్తే, ఇక ఈ గట్టుకు భయపడక్కర్లేదని తెలుస్తుందని నా ఆశ.

పోయిన నెల చీరలు తీసుకెళ్లడానికి వచ్చింది. మచ్చలన్నీ చూసింది. ఒకదాని మీద వేలు పెట్టి రుద్దింది. సంచిలోంచి వంకాయలు తీసి, కత్తిపీట పట్టుకుని వసారాలోకి నడిచింది.

"ఇక్కడే నిలబడి కొయ్యొచ్చుగా. చాకు కొన్నాను" అన్నాను.

"ఇక్కడ అలవాటు పోయిందండీ."

గోడ పట్టుకుని కిందికి వంగుతుంటే నా చెయ్యి అందించాను. గోడే పట్టుకుంది.

సాయంత్రం బస్సు దాకా సంచి మోసుకుంటూ వెళ్లాను. "ఉండిపోవే. ఆ రాయి తీయించేస్తాను" అన్నాను.

ఆమె నా చేతిలోంచి సంచి తీసుకుంది.

"మా చెల్లెలింట్లో నల్లరాయండీ. నిలబడి చేసుకుంటున్నాను."

ఇంటికొచ్చేసరికి వంకాయ కూర గట్టు మీద లేదు. వసారాలో, నేల మీద, మూత పెట్టి ఉంది.