ఐదు ఇస్పేటు ముక్కలు

ఆ రోజుల్లో లోకంలో జరిగే ప్రతిదానికీ నా దగ్గర ఒక లెక్క ఉండేది. వాన పడే అవకాశమెంత, బస్సులో సీటు దొరికే అవకాశమెంత అని ఎవరూ అడగకపోయినా చెప్పేవాణ్ణి. (ఉద్యోగం దొరికే అవకాశం మాత్రం ఏ సూత్రానికీ అందలేదు.) స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసి రెండేళ్లు ధర్మవరం వీధుల్లో ఖాళీగా తిరిగాక, హిందూపురంలో ఒక కాలేజీవాళ్లు డెమో క్లాసు చెప్పమని పిలిచారు. "ఈ తూరి గూడా పోతే నోరు మూసుకోని మగ్గం గుంతలోకి దిగాల్సిందే" అని నాయన ముందే తేల్చేశాడు.

పొద్దున రైల్లో నా ఎదురుగా ఒక చీరల వ్యాపారి, ఆయన బావమరిది కూర్చున్నారు. పెనుకొండ దాకా ముగ్గురం రమ్మీ ఆడాం. చీరలాయన షో చేసి గెలిచాడు. పరిచిన ముక్కల్ని అట్లాగే పోగుచేసి కట్టమీద పెట్టి, "ఫోన్లో చూసి పోకరని ఒకటి నేర్చినా, ఆడదామా?" అన్నాడు. రైలు కుదుపులకు ఒక్కొక్కటి పంచితే కింద పడతాయని ఐదేసి ముక్కలు ఒకేసారి చేతికిచ్చాడు. విప్పి చూస్తే ఇస్పేటు పది, జాకీ, రాణి, రాజు, ఆసు! రాయల్ ఫ్లష్! పోకర్లో దీన్ని మించింది లేదు! దాదాపు ఆరున్నర లక్షల సార్లు పంచితే ఒక్కసారి రావలసిన ముక్కలు, నాకు, అదీ ఆ రోజే! ఎగిరి లేచి పై బెర్తుకు తల కొట్టుకున్నాను.

"ఏమబ్బా, తేలు గీలు కుట్టిందా?" అన్నాడు చీరలాయన.

ఇక ఉద్యోగం నాదే అనుకున్నాను. (అదృష్టాన్ని నమ్మనని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి!) క్లాసులో బోర్డుమీద 6,49,740 అని ఇంతింత అంకెలు రాసి, పొద్దుటి ఘనకార్యమంతా పిల్లలకు వర్ణించాను. చివరి బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ సారు అంతా విని నింపాదిగా అడిగారు.

"బాగుండాదప్పా. ముక్కలు కలిపినారా?"

నా చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది. చీరలాయన రమ్మీలో షో చేస్తూ ఒక వరుసగా పరిచినవి సరిగ్గా ఆ ఐదు ముక్కలే. "లేదు సార్. ముందాటలో పేర్చినవే తీసి నాకిచ్చినారు" అన్నాను. పిల్లలు గొల్లున నవ్వారు. నాకు మగ్గం గుంత కళ్లముందు కనబడింది. సారు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "కలిపినామని చెప్పింటే ఎవరికి తెలుస్తుంది? చెప్పలేదు సూడు. సోమవారం నుంచి రాప్పా" అన్నారు. సిగ్గు, సంతోషం ఒకేసారి ముంచుకొచ్చి ఏడుపొచ్చినంత పనైంది.

ఇప్పటికీ ఏటా ఆ పాఠం ఆ కథతోనే మొదలుపెడతాను. "నిజంగా వచ్చినాయా సార్?" అని పిల్లలు నోళ్లు తెరుస్తారు. "వచ్చినాయబ్బా" అంటాను. ముక్కలు కలిపారా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. రైల్లో లేచి నిలబడ్డ ఆ కుర్రాడి సంతోషాన్ని ఒక్క నిమిషం అలాగే ఉండనిచ్చి, ఆ తర్వాతే అసలు సంగతి చెబుతాను.