తాడు కొస

నిన్న శ్రీకాకుళంలో ఒకతను వ్యానులోంచి వాలు చెక్క మీదుగా ట్రాక్టరు హుక్కును ఒంటరిగా దించుతున్నాడు. ఆ గ్రీజు వాసనకు నా పాత కోపం లేచి కూర్చుంది.

నరసన్నపేటలో మాకు ట్రాక్టరు సామాన్ల దుకాణం ఉండేది. తొట్టిని లాగే ఇనుప హుక్కులు ఇద్దరు మోసేంత బరువు. నాన్న వ్యానుకు వాలుగా చెక్క వేసి, హుక్కుకు కట్టిన తాడును వ్యాను కమ్మీకి చుట్టి, పక్కన నిలబడి కొంచెం కొంచెంగా వదిలేవాడు. తాడు కొస మాత్రం అరుగు మీదున్న నా చేతికిచ్చేవాడు.

"గట్టిగా పట్టు అమ్మీ. నువ్వొగ్గేస్తే నా కాళ్ల మీద పడిపోతాది."

ఆయన "ఐసా" అంటే నేను "హైలెస్సా" అనాలి. అన్నాకే హుక్కు కదిలేది. మా నాన్న కాళ్లు నా చేతుల్లో ఉన్నాయని బడంతా చెప్పుకున్నాను.

ఒకరోజు బడి తొందరగా వదిలేశారు. వచ్చి చూస్తే నాన్న ఒక్కడే హుక్కు దించుతున్నాడు. "ఐసా" ఆయనే అంటున్నాడు, "హైలెస్సా" కూడా ఆయనే. తాడు కొస మట్టిలో పడి ఉంది.

"మరి నేనెందుకు?"

"ఏటే, మూతి ముడిసేసినావు? నువ్వుంటే నాకు దైర్యం," అని నవ్వాడు. మళ్లీ ఆ తాడు ముట్టలేదు నేను.

నిన్న హుక్కు దించుతున్న ఆ మనిషి చిన్న కూతురు చెక్క కిందికి దూరబోతే, అతను పని ఆపి కేకలేశాడు. నాన్న తాడుకి ఒక కొసన హుక్కునీ, రెండో కొసన నన్నూ కట్టాడని అప్పుడు తెలిసింది. అయినా మోసం మోసమే. ఊరికే అరుగు మీద నిలబడమంటే నిలబడనా అని ఆయనతో వాదించాలనిపించింది.

నిలబడేదాన్ని కాదు. అది ఆయనకు తెలుసు.