మోడులోని గబ్బు

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో, మా మగ్గాల వీధి మొదట్లో ఉన్న వేపచెట్టు నిలువునా ఎండిపోయింది. కొట్టేస్తే వీధి బోసిపోతుందని, ఆ మోడు మీద నెమళ్లు, ఉడుతలు చెక్కించి, పిట్టలు గూడు పెట్టుకోవడానికి తొర్రలు కూడా పెట్టిద్దామని వీధి పెద్దాయన అన్నాడు. ఆదోనిలో కట్టెల అడితిలో పనిచేసే మా మేనమామ చెయిన్ రంపం తీసుకుని వచ్చాడు.

రంపం లోపలికి దిగేసరికి, బోలుగా ఉన్న మానులోంచి తడిపొట్టు కుప్పగా జారిపడింది. దానితోపాటు వేలంత లావు తెల్లపురుగులు, రెట్టలు, ఎలుకల ఎముకలు, సగం తిన్న తొండ ఒకటి. వాసన గుప్పుమంది. చూడవచ్చినవాళ్లు కొంగులు, తువ్వాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఒక పురుగు నా పాదం మీద పడి మెలికలు తిరిగింది. నేను అక్కడే వాంతి చేసుకున్నాను.

మామ రంపం ఆపి లోపలికి తొంగి చూశాడు. గుడ్లగూబ పిల్లలున్నాయన్నాడు. పెద్దాయన ముఖం ఇంకా వికారంగా మారింది.

"థూ! ఇండ్ల ముందర గుడ్లగూబలేంటికప్పా? కిరసనాయిలు పోసి కడుగు. సిమెంటు పూసి రంగేద్దాం."

"పిట్టలకు తొర్రలు పెట్టమనింది నువ్వే కదన్నా."

"చిలకలొస్తాయనుకుంటి. ఈ గబ్బు కాదు."

"నేను సెక్కేదానికి వచ్చినా. సంపేదానికి రాలేదు," అని మామ రంపం కింద పెట్టేశాడు.

పెద్దాయన కిరసనాయిలుకు మనిషిని పంపాడు. మామ నా కాళ్లు కడిగి, నన్ను భుజం మీదికి ఎత్తుకున్నాడు.

"ముక్కు మూసుకో పాపా. కండ్లు మాత్రం మూసుకోవద్దు."

చూశాను. ఆ కుళ్లులోనే, తెల్లటి నూగుతో మూడు పిల్లలు ఒకదానికొకటి అతుక్కుని వణుకుతున్నాయి. "వణుకుతాండాయి!" అని గట్టిగా అరిచాను. పక్కింటి అక్క కొంగు ముక్కుకు చుట్టుకుని వచ్చి చూసింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. డబ్బా వచ్చేసరికి దాన్ని అందుకునేవాళ్లే లేరు. పెద్దాయన ఉమ్మేసి, గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

మామ కోసిన చెక్కనే తొర్రకు మళ్లీ అడ్డంగా బిగించి, పైన పక్షి దూరేంత సందు వదిలాడు. వెనకవైపు ఒక్క నెమలిని చెక్కాడు, అదీ అంతంత మాత్రమే. వానాకాలం వస్తే ఆ మోడు ఇంకా కంపు కొట్టేది.

పురుగు కనబడితే నేను ఇప్పటికీ దూరం జరుగుతాను. ఆ అసహ్యాన్ని మామ పోగొట్టలేదు, పోగొట్టాలనీ చూడలేదు. దేన్నైనా కడిగిపారేయమని నోటిదాకా వచ్చినప్పుడు, ముక్కు మూసుకుని అయినా సరే, ఒకసారి లోపలికి తొంగి చూస్తాను.